ఏడు కాళ్ళ తేలు

మా స్టేషన్లో ఎవరి ఒంటిమీద ఏ పచ్చబొట్టు ఉందో జాబితా రాసింది నేనే. కాజీపల్లి వైపు పది పన్నెండు ఫ్యాక్టరీలు కలిసి పెట్టుకున్న రెస్క్యూ స్టేషన్ అది. ఒక ఫైరింజన్, ఒక అంబులెన్సు, షిఫ్టుకు ఎనిమిది మంది. మెకానికల్ డిప్లొమా తర్వాత ఏడాది సేఫ్టీ కోర్సు చేసినవాణ్ణి కాబట్టి రాతపని ఏదున్నా నా బల్ల మీదికే వచ్చేది.

తనిఖీకి వచ్చిన బయటివాళ్ళలో ఒకాయన మా డ్రైవరు మెడ మీద పుర్రె బొమ్మ చూశాడు. యూనిఫారం చూస్తే జనానికి ధైర్యం రావాలి గానీ భయం పుట్టకూడదని రాసి వెళ్ళాడు. మర్నాడు మా ఇన్‌చార్జి అందరినీ వరుసలో నిలబెట్టారు. వాళ్ళ నాన్నగారు గోదావరి వైపు నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డారట. ఆయన మాటలో ఆ యాస ఇంకా ఉంది.

"చూడండి బాబూ, ప్రాణం మీదికొచ్చినవాడు కళ్ళు తెరిస్తే ముందు కనపడేది మన చేతులే. అవి శుభ్రంగా ఉండాలా వద్దా? కాలరు పైన, కఫ్ కింద ఒక్క బొమ్మ కనపడకూడదు."

నాలుగు గళ్ళు గీసుకున్నాను: ఎక్కడ, ఏమిటి, ఎంత పొడవు, దేనితో కప్పవచ్చు. స్కేలు పట్టుకుని ఒక్కొక్కరినీ పిలిచాను. మూడు 'అమ్మ'లు, రెండు త్రిశూలాలు, ఒక బ్లడ్ గ్రూపు, ఆ పుర్రె, పెళ్ళికి ముందు ఇష్టపడ్డ అమ్మాయి పేరు ఒకటి. ఆ పేరున్నవాడు చేయి చాపుతూ, "ఇంటికాడ పెండ్లాం సూస్తదని ఎట్లాగూ ఫుల్ షర్టే ఏస్కుంటున్న. ఇగ డ్యూటీల గూడనా?" అన్నాడు.

చివర వచ్చినవాడు మా రెస్క్యూ లీడరు. నలభై దాటిన మనిషి, వెలిమెల దగ్గరి రైతు కుటుంబం. వాళ్ళు మొక్కజొన్న వేసిన చోట ఇప్పుడు విల్లాలున్నాయి. నేను అన్నా అంటాను, తను తమ్మీ అంటాడు. కుడిచేతి వెనక, బొటనవేలికీ మణికట్టుకీ మధ్య, పాతబడి ఆకుపచ్చగా మారిన తేలు. నాలుగు సెంటీమీటర్లు. కొలుస్తుంటే ఏదో తేడాగా అనిపించి కాళ్ళు లెక్కపెట్టాను. ఒకవైపు నాలుగు, ఇంకోవైపు మూడు.

"ఏడే ఉన్నాయేంటన్నా?"

"అబ్బో, దొరికిచ్చినవ్ తమ్మీ. ఇరవై ఏండ్ల సంది ఈ పనిల ఒక్కడు లెక్కవెట్టలే." నవ్వాడు. "ఐదేండ్లప్పుడు మా నాయనమ్మ పొడిపిచ్చింది. ఎనిమిదో కాలు కాడికి వచ్చేసరికి నేను చెయ్యి గుంజుకొని ఉరికిన. రేపు పొడిపిద్దాం తియ్ అన్నది. గా రేపు ఇంకా రాలే."

ఆ రోజు నుంచి చర్మం రంగు సాగే తొడుగు ఒకటి వేసుకునేవాడు, బొటనవేలికి రంధ్రం ఉండేది. దూరం నుంచి చూస్తే ఆ చేతికి గీతలు గానీ వెంట్రుకలు గానీ ఉండేవి కావు, బొమ్మ చేయిలా ఉండేది. ఎవరో "తేలు సచ్చిందానే?" అంటే, "పండుకుంది. లేపకు" అనేవాడు. జాబితాలో నేను 'తేలు, 4 సెం.మీ.' అని మాత్రమే రాశాను. కాళ్ళ సంఖ్యకు గడి లేదు.

నాలుగు నెలల తర్వాత ఒక మందుల ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చింది. ట్యాంకు కడగడానికి దిగిన మనిషి పలకడం లేదట. అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద స్టీలు ట్యాంకు అది, పక్కన మనిషి దూరేంత గుండ్రటి తలుపు. లోపల నైట్రోజన్ మిగిలిపోయింది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, దగ్గు కూడా రాదు. మనిషి రెండు శ్వాసలు తీసుకుని, నిద్ర వచ్చినట్టు ఒరిగిపోతాడు.

నేనూ అన్నా వెళ్ళాం. గాలి సిలిండర్లు, ముఖానికి మాస్కులు, మోచేతుల దాకా నల్ల గ్లోవ్స్. గ్లోవ్ అంచునీ సూటునీ కలిపి చుట్టూ పసుపు టేపు అంటించాలి. అన్న టేపు నేను అంటించాను, నాది అన్న అంటించాడు. టార్చి వేస్తే ఆ మనిషి ట్యాంకు అడుగున పక్కకు తిరిగి, చెంప కింద చేయి పెట్టుకుని పడుకుని ఉన్నాడు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. నా శ్వాస తప్ప ఏ శబ్దమూ లేదు. కుడి భుజం అన్న, ఎడమ భుజం నేను పట్టుకుని ఆరు నిమిషాల్లో తలుపు దాకా తెచ్చాం. బయట అంబులెన్సు వాళ్ళు అతని ఛాతీ మీద నొక్కుతుంటే, కత్తెరతో అన్న టేపు నేనే కత్తిరించాను. ఎక్కడా చిరగలేదు. గ్లోవ్ తీశాక కింద ఆ తొడుగు అలాగే ఉంది, చెమటకు తడిసి.

అతను బతికాడు. తొమ్మిదో రోజు మాట్లాడగలడని ఆసుపత్రి నుంచి చెప్పారు. వాంగ్మూలం రాసుకోవడానికి నేను పదకొండు ప్రశ్నల ఫారంతో వెళ్ళాను. నారాయణఖేడ్ వైపు మనిషి, ముప్పై అయిదు ఉంటాయి. ఆ ఫ్యాక్టరీలో అదే మొదటి రోజు, నేరుగా గేటు నుంచి ట్యాంకు దగ్గరికి పంపారు. అయిదు ప్రశ్నలు మామూలుగా జరిగాయి. ఆరోది: మిమ్మల్ని బయటికి తెచ్చినవారిని గుర్తుపడతారా?

"మొకం ఎర్కలే సారూ. చెయ్యి ఎర్క."

"ఏ చెయ్యి?"

"తేలు చెయ్యి." అతను దుప్పటి మీద వేలితో గీయడం మొదలుపెట్టాడు. తోక, కొండి, తర్వాత కాళ్ళు. "గీ దిక్కు నాలుగుండె. గీ దిక్కు మూడే. ఒకటి తక్కువుంది, పాపం అనుకున్న. గది వచ్చి నా చెయ్యి వట్టుకున్నది. ఉడుకుగ ఉండె."

నా పెన్ను ఆగిపోయింది. ఆసుపత్రి గది చల్లగా ఉంది, కిటికీ అవతల హైవే మీద లారీలు పోతున్నాయి. నేను అడిగాను, ఆ ప్రశ్న ఫారంలో లేదు.

"రెండు చేతులు కదా? ఎడమ భుజం పట్టుకున్నది నేనే."

అతను నా చేతిని తన దగ్గరికి తీసుకుని, తిప్పి, రెండువైపులా చూశాడు. బట్ట నాణ్యం చూసినట్టు చూశాడు.

"మీరు గూడ ఉన్నరా సారూ? నాకు కనవడలే. ఒక్కటే చెయ్యి వచ్చింది."

తిరిగి వస్తూ బస్సులో, అలవాటు చొప్పున, వీలున్న కారణాలన్నీ రాసుకున్నాను. ఒకటి: అన్న గ్లోవ్ తీశాడు. తియ్యలేదు, టేపు కత్తిరించింది నేను. రెండు: ఆ మనిషి తేలును ముందే చూశాడు. అతనికి అది మొదటి రోజు, తేలు కప్పబడి నాలుగు నెలలు. మూడు: ఆసుపత్రిలో ఎవరో చెప్పారు. తేలు సంగతి చెప్పి ఉండవచ్చు. కాళ్ళ సంగతి మా స్టేషన్లో నాకూ అన్నకూ తప్ప తెలియదు. నాలుగో గడి ఖాళీగా ఉండిపోయింది.

ఆ సాయంత్రం స్టేషన్ మెట్ల మీద అన్నకు చెప్పాను.  అన్న తొడుగు కొంచెం పైకి లాగి చూసుకున్నాడు, ఇంకా అక్కడే ఉందా అన్నట్టు.

"మా నాయనమ్మ ఒకటే మాట అనేది తమ్మీ. సచ్చినంక బంగారం తీస్కుంటరు, బట్టలు తీస్కుంటరు. పచ్చబొట్టు ఒక్కటి ఎవ్వరు తియ్యలేరంట. అటు దిక్కు మనిషిని దాన్ని సూసే గుర్తువడ్తరంట."

"అతను చచ్చిపోలేదు కదన్నా."

"సగం దూరం వోయిండు గదా. గాడికెల్లి సూసిండు." తొడుగు సర్దుకుని, "గది రాస్తివా కాయితంల?" అని అడిగాడు.

రాశానన్నాను. అతను చెప్పింది చెప్పినట్టు రాయడం నా పని. అన్న తల ఊపాడు గానీ మొహం మారింది. ఎందుకో నాకు మర్నాడు తెలిసింది.

ఇన్‌చార్జి ఆ కాగితం చదివి పిలిపించారు. "చెయ్యి చూశాడంటే గ్లోవ్ తీసినట్టే కదండీ? పైగా కప్పమన్న బొమ్మ. ట్యాంకులో గ్లోవ్ తీసినవాణ్ణి ఒక్కపూట కూడా ఉంచకూడదు, రేపు వాడు పోతే ఎవరు జవాబు చెబుతారు?" అన్న కాంట్రాక్టు ఆ నెలాఖరుకు ముగుస్తుంది. ఆయన పొడిగించకపోతే ఈ పని ఇంక దొరకదు. ఈ వయసులో ఇంకో రెస్క్యూ టీంలోకి తీసుకోరు.

"తియ్యలేదు సార్. నేను చూశాను."

"అయితే ఎంట్రీ చెక్‌లిస్టు తెండి. అందులో ఉంటే అయిపోయింది."

 ఆ చెక్‌లిస్టు ట్యాబ్‌లో ఉంటుంది: సిలిండరు, మాస్కు, గ్లోవ్స్, టేపు, బయటికి వచ్చాక టేపు. ఏ టిక్కు ఎప్పుడు పెట్టామో అదే గుర్తుపెట్టుకుంటుంది. ట్యాంకు ముందు గ్లోవ్స్‌తో ఆ తెర పనిచేయదని, అవతల మనిషి చావుబతుకుల్లో ఉంటాడని, మేమంతా షిఫ్టు మొదట్లోనే అన్నింటికీ టిక్కులు పెట్టి ఉంచేవాళ్ళం. ఆ అలవాటు మొదలుపెట్టింది నేనే. తర్వాత నిజంగానే చూసేవాళ్ళం కాబట్టి అది అబద్ధమని ఎవరికీ అనిపించలేదు. ఆ రోజు టిక్కులు ఎనిమిదీ అయిదుకు పడ్డాయి. మేము ట్యాంకులో దిగింది పదకొండూ ఇరవైకి. 'బయటికి వచ్చాక టేపు చిరగలేదు' అన్నది కూడా ఎనిమిదీ అయిదుకే. ఇంకా జరగని సంగతిని మూడు గంటల ముందే చూసినట్టు రాసి ఉంచాను.

ట్యాబ్ పాడైందని చెప్పవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కిటికీలోంచి చూస్తే అన్న ఫైరింజన్ పక్కన నీళ్ళ పైపు చుడుతున్నాడు. ఆ రంగులేని చేయి తిరుగుతూ ఉంది.

ట్యాబ్ తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన సమయం చూశారు. రెండోసారి కళ్ళజోడు తుడుచుకుని చూశారు.

"ఇది ముందే నింపేశారా?"

"అవును సార్. ప్రతి షిఫ్టులోనూ. నేనే నేర్పాను. కానీ టేపు అంటించింది నేను, కత్తిరించింది నేను. అది చిరగలేదు."

"మీ లిస్టు అబద్ధం, మీరు మాత్రం నిజం. నేనెలా నమ్మను బాబూ?"

"అబద్ధమాడేవాణ్ణయితే ట్యాబ్ తెచ్చేవాణ్ణి కాదు సార్. ఇది చూపిస్తే పోయేది ట్యాంకులో దిగనిచ్చే నా ఎంట్రీ కార్డే."

 ఆయన ఆ రోగి మాటల కింద గీత గీసి, మెల్లగా అడిగారు. "మరి వాడికి కాళ్ళెన్నో ఎలా తెలిసిందండీ?"

తెలియదన్నాను.  ఆయన ఆ కాగితాన్ని తన చేత్తో తాకకుండా పెన్నుతో నావైపు తోశారు.

అన్న కాంట్రాక్టు పొడిగించారు. నా ఎంట్రీ కార్డు ఆరు నెలలు తీసేసుకున్నారు. ఆ ఆరు నెలలు తలుపు బయట నిలబడి చెక్‌లిస్టు చూసేవాడిగా పెట్టారు, సమయంతో సహా, ఒక్కొక్క టిక్కూ కళ్ళతో చూశాకే.

వర్షాకాలంలో ఇంకో ఫ్యాక్టరీలో ఇంకో ట్యాంకు. లోపల ఇద్దరు పడి ఉన్నారు. నేను తలుపు దగ్గర ట్యాబ్ పట్టుకున్నాను. కొత్తగా చేర్చిన ఒక వరుస ఉంది: 'పచ్చబొట్టు కప్పి ఉందా?' అన్న మాస్కు పెట్టుకున్నాడు. గ్లోవ్ అందుకోబోయి ఆగాడు. ఎడమచేత్తో ఆ చర్మం రంగు తొడుగును వేళ్ళ వైపు లాగి, ఊడదీసి నా జేబులో పెట్టాడు. తడి వెలుతురులో తేలు నల్లగా కనిపించింది. తర్వాత గ్లోవ్ వేసుకుని టేపు కోసం చేయి చాపాడు.

"ఎవలన్న అడిగితే ఏమంటవ్ తమ్మీ?" మాస్కులోంచి మాట అణిగినట్టు వచ్చింది.

టేపు చుట్టూ అంటించి, అంచు బొటనవేలితో నొక్కాను. అందరికీ కనిపించేది నల్ల గ్లోవ్ ఒక్కటే. 'కప్పి ఉంది' అని టిక్కు పెట్టాను, ఆ నిమిషానికే. అన్న వంగి లోపలికి దూరాడు. గ్లోవ్ లేని నా చేతులు నాకు చాలా ఖాళీగా కనిపించాయి. జేబులో ఆ తొడుగు ఇంకా వెచ్చగానే ఉంది.