ఆరని ఉప్పు

మా కెమిస్ట్రీ మేస్టారు పోయారన్న కబురు కాశీబుగ్గలో విన్నాను. అప్పుడెవరితోనో వాదిస్తున్నాను. ఏ మాట దగ్గర ఆగిపోయానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

టెక్కలి కాలేజీలో ఆయన గాజుపలక మీద ఒక చుక్క వేసి, "ఇదీ ఉప్పేరా" అనేవారు. నీళ్లలో కరిగింది కాదు, మామూలు వేడికే ద్రవంగా ఉండే ఉప్పు. అయానిక ద్రవం. పల్చటి పొర రంధ్రాల్లో దాన్ని నింపితే, కలిసిపోయిన రెండు వాయువుల్లో ఒకదాన్ని దాటనిచ్చి రెండోదాన్ని ఆపుతుంది. ఆయన పరిశోధన అంతవరకే.

నౌపడ ఉప్పుమడిలో ఒకావిడకు ఆ చుక్క చూపిస్తే నవ్విందట: "ఆరని ఉప్పు ఉప్పేటి మేస్టారూ? మా మడిలోనైతే పారబోత్తాం." ప్రతి ఏడూ క్లాసులో ఇది చెప్పి, అందరికన్నా ఎక్కువ ఆయనే నవ్వేవారు.

నేను మాత్రం "పొర" అన్న మాటే పట్టుకున్నాను. ఉద్దానంలో కిడ్నీలు పోయి మనుషులు రాలిపోతున్నారు. నీళ్లే కారణమని నా పట్టుదల. 'మేస్టారి పొర మన నీళ్లు వడకడుతుంది' అని, ఆయన్ని అడక్కుండానే కరపత్రం వేశాను. సముద్రపొడ్డున చేపలవాళ్ల ఊళ్లో మీటింగు పెట్టి, ఆయన్ని తీసుకెళ్లాను. వేదిక మీద కరపత్రం చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని లేచారు.

"ఇది గాలికమ్మా, నీళ్లకి కాదు. నీళ్లలో పెడితే ఇందులో ఉప్పే మీ నీళ్లలో కలుస్తుంది. మీ జబ్బు నీటివల్లో కాదో కూడా నాకు తెలీదు."

మొగుడు మంచం పట్టిన ఒకావిడ లేచింది. "తెలీదని సెప్పడానికి ఇంత దూరం వచ్చినావేటి బాబూ?"

"అవునమ్మా."

"పోన్లే, నిజం సెప్పినావు. మరి ఇంటికెల్లి మా ఆయనకి నానేటి సెప్పాల?"

ఆయన ఆవిడకు చేతులు జోడించి వేదిక దిగారు.

తిరుగు బస్సులో గొంతు చించుకున్నాను: "మీ నిజాయితీ ఎవడి దాహం తీరుస్తుందండీ?" ఆయన ఒక్కటే అన్నారు: "నన్నో మాట అడక్కపోయావా?" ఆ తర్వాత ఏళ్లతరబడి నేను ఆయనతో మాట్లాడలేదు.

ఆ ఊళ్లకు మంచినీళ్లివ్వని ప్రభుత్వాల మీద నా కోపం ఇప్పటికీ న్యాయమైనదే. మేస్టారి మీద కోపమే న్యాయం కోసమో, నలుగురిలో నా పరువు పోయినందుకో తేల్చుకోలేకపోతున్నాను.

దహనం అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. మేస్టారి భార్య ఆయన బల్ల చూపించారు. "ఆ గాజుపలక తుడవొద్దనేవారు బాబూ. ఏళ్లయిపోయింది."

పలక కింద నా కరపత్రం. నాలుగు మడతల గీతలు అలాగే ఉన్నాయి. పలక మీద చుక్క. దాని కింద 'పొర' అన్న మాట ఉబ్బి కనిపిస్తోంది. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. చుక్క ఆరలేదు.