రెండు ఫొటోలు, మా బావ కన్ను

ఒక అబద్ధం చెప్పి ఏళ్లు గడిచిపోయాయి. కరోనాకు ముందు మాట. చాలా చిన్న అబద్ధం. ఒక ఊపిరి తీసి వదిలినంత సేపట్లో చెప్పేశాను. కానీ దాని బరువు మాత్రం ఇప్పటికీ దిగలేదు. పొద్దున స్టూడియో షట్టర్ ఎత్తగానే ఎదురుగోడ మీద కనిపిస్తుంది. రెండు ఫ్రేములు, వాటి కింద రెండు చీటీలు. ఒకదాని మీద పాత కెమెరా అని, రెండోదాని మీద కొత్త కెమెరా అని రాసి ఉంటుంది. ఆ చీటీలు తారుమారు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదేమో. తెలిసిన మనిషికి చెబితే ఏమైందో చివర్లో చెబుతాను.

మాది ఆత్మకూరులో చిన్న ఫొటో స్టూడియో. మాది అంటే నాదీ, మా ఆయనదీ. ఆయన మా మేనత్త కొడుకు. పెళ్లికి ముందు నుంచీ బావా అనే పిలిచాను, పెళ్లయ్యాక మార్చుకోవడం నాకు చేతకాలేదు. మా బావకు ముక్కు మీద కోపం, ఫొటోల దగ్గరైతే మరీను. పెళ్లి ఆల్బమ్‌కు ఫొటోలు ఏరడానికి కూర్చుంటే చకచకా ఏరి పడేసేవాడు. ఇదెందుకు తీసేశావు బావా, బాగానే ఉంది కదా అంటే "నా కంటికి తెలుస్తాది" అనేవాడు. దాని మీద ఇంక అప్పీలు లేదు. ఆ మాటలో కాస్త పొగరుండేది. ఆ పొగరంటే నాకు చచ్చేంత ఇష్టం. పెళ్లికి ముందు ఆ మనిషిలో నాకు నచ్చిందే అది.

అప్పట్లో మా దగ్గర ఒక మిర్రర్‌లెస్ కెమెరా, అంటే లోపల అద్దం లేని రకం, ఉండేది. ఊళ్లో మిగతా ఫొటోగ్రాఫర్లంతా పెద్ద పెద్ద కెమెరాలు మెడలో వేసుకుని తిరిగే రోజుల్లో మా బావ మొండిగా దాన్ని కొన్నాడు. అరచేతిలో ఇమిడిపోయేది. పెళ్లివాళ్లు చూసి "ఏంది సామీ, బొమ్మ తెచ్చినావా?" అని నవ్వేవాళ్లు. వెలుతురు ఉన్నచోట అది బంగారం. మనిషి ఒంటి రంగును అంత మెత్తగా చూపించే కెమెరాను నేను మళ్లీ చూడలేదు. వెలుతురు తగ్గిందా, దాని అవస్థ చెప్పనక్కర్లేదు. మంచం కింద కళ్లజోడు కోసం తడుముకునే ముసలాయనలాగా, ఫోకస్ దొరక్క లెన్స్ ముందుకీ వెనక్కీ వెతుక్కునేది.

అక్కడే నా ఉద్యోగం. నేను లైటు పట్టుకుని పెళ్లికూతురి పక్కన నిలబడేదాన్ని. "ఒక్క నిమిషం అక్కా, కదలబాకండి" అని అందరినీ ఆపి, ముఖం మీద వెలుగు పడేట్టు లైటు తిప్పి, కెమెరాకు ఫోకస్ చిక్కేదాకా అలాగే ఉంచేదాన్ని. చేజర్లలో పెళ్లయినా, దుత్తలూరులో అయినా, బండి మీద కెమెరా బ్యాగు ఒళ్లో పెట్టుకుని బావ వెనక నేనుండాల్సిందే. పెళ్లిళ్లలో ఆడవాళ్లు నన్ను లైటక్కా అని పిలిచేవాళ్లు. వడ్డన దగ్గర "లైటక్కకు ఇంకో బూరె వెయ్యండి" అంటే నాకెంత గర్వంగా ఉండేదో ఎవరికీ చెప్పలేదు. మా బావకు కూడా.

అలాంటప్పుడు కొత్తది వచ్చింది. నెల్లూరులో కెమెరాలు అమ్మే ఒకాయన, నాలుగు రోజులు వాడి చూసి నచ్చితే ఉంచుకోమని ఇచ్చాడు. అదీ మిర్రర్‌లెస్సే. కానీ రెండింటికీ పోలికేముంది? మాది ఎప్పటిదో, నేర్చుకునేవాళ్లు కొనే రకం. ఇది అప్పుడే మార్కెట్లోకి వచ్చింది, పెద్ద పనులు చేసేవాళ్లు వాడేది. లోపల వెలుగును పట్టే సెన్సర్ మాదాని కంటే రెండింతలు. చేతికి బరువుగా, నిండుగా ఉండేది. మసక వెలుతురులో కూడా మనిషి కన్ను ఎక్కడుందో తనే పట్టుకునేది. తెర మీద కంటి చుట్టూ చిన్న పచ్చ గడి కనిపించేది, మనిషి కదిలితే ఆ గడి కూడా వెంట కదిలేది. మా బావ దాన్ని చూసి పసిపిల్లాడైపోయాడు. అన్నం ముందు పెట్టినా పలకలేదు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చాలన్నాడు. ఉదయగిరిలో మా పుట్టింటికి వెళ్లాం. మా పక్కింటి ఖాసింబీ అవ్వ చెక్క గరిటెలు చేస్తుంది. మధ్యాహ్నం దాటితే కొండ నీడ పడి ఆమె ఇంటి పంచ అంతా మసకగా ఉంటుంది. అదే కావాలన్నాడు బావ. స్టాండు ఒకే చోట పెట్టి, ముందు పాతదాంతో, తర్వాత కొత్తదాంతో తీశాడు. ఖాసింబీ అవ్వ గరిటె పట్టుకుని కదలకుండా కూర్చుంది. "యెంతసేపు నాయనా? నా చేతిలో గరిటె గూడా నిద్రపోతా ఉండాది" అంది.

పాతదానికి ఫోకస్ దొరకడం లేదు. అలవాటుగా నేను లైటు ఎత్తబోయాను. పోలిక సరిగ్గా ఉండాలి, వద్దన్నాడు. అది వెతికి వెతికి చివరికి పట్టుకుంది. కొత్తదైతే అవ్వ వైపు తిప్పగానే కన్ను పట్టేసింది. బావ నా వైపు చూసి నవ్వాడు.

"చూసినావా మే? ఇది వచ్చిందంటే నీకింక లైటు పట్టే పని లేదు. నా వెంట దుమ్ములో తిరిగే బాధ తప్పుతాది. ఇంట్లో హాయిగా కూర్చో."

ప్రేమతోనే అన్నాడు. నా మోకాళ్ల నొప్పి తలుచుకుని అన్నాడు. కానీ నాకు వినబడింది వేరు. బండి వెనక సీటు పోతుంది. లైటక్క పోతుంది. పెళ్లి జరిగేచోట మా బావ ఒక్కడే ఉంటాడు, నేను ఇంట్లో టీవీ ముందు హాయిగా ఉంటాను.

ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది కదా? "నాకు నీతో రావడం ఇష్టం బావా" అంటే కాదనే మనిషా? ఎందుకు చెప్పలేదు? చాలాసార్లు నన్ను నేనే అడిగాను. నేను అడిగితే రమ్మనేవాడు. నా కోసం రమ్మనేవాడు. నాకు కావాల్సింది అది కాదు. నేను లేకపోతే ఆయన పని జరగకూడదు. ఇలా రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది, కానీ ఉన్నమాట అదే.

నెల్లూరు ల్యాబ్ నుంచి రెండు ప్రింట్లూ బస్సు పార్సిల్లో వచ్చాయి, ఒకటే సైజు. ఏది దేనితో తీసిందో ప్రింట్ల వెనక పెన్సిల్‌తో రాసి పెట్టాను. బావ నా ఎదురుగా నిలబడ్డాడు. "ఏది ఏదో చెప్పబాక. నా కంటికి తెలుస్తాది" అన్నాడు. రెండు చేతుల్లో రెండూ పట్టుకున్నాను. ఎంతోసేపు చూడలేదు. నా కుడిచేతి వైపు వేలు చూపించాడు.

"అది కొత్తది. అవ్వ చెవి వెనక చీకటి చూడు, ఇసక చల్లినట్టు గరుకు లేదు. వెంట్రుకలు దేనికది కనబడతా ఉండాయి."

"కాదు బావా. అది మన పాతదే" అన్నాను.

అది కొత్తదే. ఆయన చెప్పిన ప్రతి ముక్కా నిజం.

ప్రింటు వెనక్కి తిప్పి చూస్తాడనుకున్నాను. చూడలేదు. నేను చెప్పాక ఇంకా చూసేదేముంది అనుకునే మనిషి. గట్టిగా నవ్వాడు. "అయితే ఇన్నాళ్లూ నాకు తెలుస్తాదనుకున్నదంతా ఉత్తదేనా?" అన్నాడు. తనకే తేడా తెలియనప్పుడు అంత కెమెరా ఎందుకని దాన్ని నెల్లూరు తిప్పి పంపేశాడు. ఆయన టీకి వెళ్లినప్పుడు నేను రబ్బరు తీసుకుని ప్రింట్ల వెనక రాసింది చెరిపి, తారుమారు చేసి రాశాను. అబద్ధం నోరు జారి వచ్చిందని సర్దిచెప్పుకోవచ్చు. రబ్బరు పట్టుకున్నందుకేం సర్దిచెప్పుకోను?

ఆ రెండింటినీ ఫ్రేము కట్టించింది ఆయనే. చీటీలు అతికించిందీ ఆయనే. వచ్చినవాళ్లందరికీ చూపించి, "నేనెట్టా బోల్తా పడినానో చూడండి" అని తనమీద తనే నవ్వుకుంటాడు. వాళ్లూ నవ్వుతారు. నేను కూడా నవ్వాలి.

ఆ తర్వాత బావ ఫొటోలు ఏరడం మానేశాడు. ఒక్కరోజులో కాదు, మెల్లమెల్లగా. "ఇది బాగుండాదా, అది బాగుండాదా, నువ్వే చెప్పు" అనడం మొదలుపెట్టాడు. వరికుంటపాడులో ఒక తెల్లవారుజాము పెళ్లిలో కరెంటు పోయి తలంబ్రాల ఫొటోలన్నీ మసకగా వచ్చాయి. అది కెమెరా తప్పు. కొత్తది ఉండి ఉంటే అన్నీ పడేవి. "నా కళ్లు పోయినాయి మే" అన్నాడు. కళ్ల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. కళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడాయన. అయినా పట్టుబట్టి ఒక కళ్లజోడు తెచ్చుకున్నాడు. డాక్టరు గదిలో బల్ల మీద కూర్చున్న నాకు నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

పోయినేడాది మా పాత కెమెరా షట్టర్ పాడైంది. అప్పుడు కొత్త తరానిది ఒకటి కొన్నాం, కన్ను పట్టుకునే రకమే. బావ దాన్ని డబ్బాలోంచి తీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వు తియ్యి. నీ కంటికి తెలుస్తాది" అన్నాడు.

ఇప్పుడు పెళ్లిళ్లలో ఫొటోలు తీసేది నేను. లైటు పట్టుకునేది మా బావ. "ఒక్క నిమిషం అమ్మా, కదలబాకండి" అని నా మాటలే ఆయన అంటుంటాడు. ఈ కెమెరాకు ఆ లైటు అక్కర్లేదు. ఎవరినీ ఆపక్కర్లేదు. ఆ మాట ఆయనకు చెప్పలేను. చెబితే ఎక్కడ ఇంట్లో కూర్చుంటాడో అని భయం. ఆ భయం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

ఇంక మొయ్యలేక మొన్న చేజర్ల నుంచి వచ్చేటప్పుడు దారిలో బండి ఆపించి చెప్పేశాను. ఆ రోజు నువ్వు చూపించిందే కొత్తది, నేనే అబద్ధం చెప్పాను, నన్ను ఇంట్లో కూర్చోమన్నావని చెప్పాను అని అంతా ఏడుస్తూ చెప్పాను. మా బావ నా ముఖంలోకి చూశాడు. కోపం వస్తుందనుకున్నాను. ఆ పాత కోపం ఒక్కసారి వస్తే బాగుండనిపించింది. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నా మనసు కోసం ఎందుకే ఇట్టా అబద్ధాలు చెప్తావు? నాకేం బాధ లేదు మే. ఎక్కు, పోదాం."

ఒట్టు పెట్టాను. నవ్వాడు. చూపిద్దామంటే ఆ ఫైళ్లున్న హార్డ్ డిస్క్ ఎప్పుడో చెడిపోయింది. ప్రింట్ల వెనక ఉన్నది నేను తిరగరాసిందే. నిన్న పొద్దున గోడ మీద చీటీలు సరిగ్గా మార్చి పెట్టాను. టీ తెచ్చేసరికి మళ్లీ ఎప్పటిలాగే ఉన్నాయి. బావ నా కప్పులో ఇంకొంచెం పంచదార వేసి కలిపి ఇచ్చాడు.

అబద్ధం చెప్పిన రోజు ఒక్క మాటకే నమ్మాడు. నిజానికి ఇప్పుడు నా దగ్గర సాక్ష్యం లేదు. అందుకే మీకు రాశాను. క్షమించమని కాదు, క్షమించాల్సిన మనిషి తప్పే ఒప్పుకోనివ్వడం లేదు. ఒక్కరైనా నా మాట నమ్మితే చాలు. అది కొత్త కెమెరానే. మా బావ కన్ను ఆ రోజు తప్పు చూడలేదు.