పెట్టెలో పడ్డ నల్ల గోళీ

ముప్పై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళుగా నా గుండెల మీద ఒక గోళీ ఉంది. పిల్లలు ఆడుకునే మామూలు గోళీ, నల్లది. జేబులో వేసుకుంటే ఉన్నట్టు కూడా తెలియదు. అయినా దాన్ని మోయలేకపోతున్నాను.

మా ఆవిడకి కూడా చెప్పలేదు. చెబుదామనుకున్న రోజులున్నాయి. ఆవిడ కాఫీ తెచ్చిచ్చి ఎదురుగా కూర్చుంటే మాట నోటిదాకా వచ్చేది. వెంటనే కరెంటు బిల్లు గురించి మాట్లాడేవాణ్ణి. ఇప్పుడు ఆవిడ లేదు. ఇక మీరే దిక్కు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఇలా అయితేనే చెప్పగలను. ఎదుటి మనిషి మొహం చూస్తూ నచ్చని మాట చెప్పడం నాకు మొదటి నుంచీ చేతకాదు. నేను చేసిన పాపం కూడా ఆ చేతకానితనంలోంచే పుట్టింది.

విషయం ముందే చెప్పేస్తాను, లేకపోతే మళ్ళీ తప్పించుకుంటాను. మా ఊరి టెన్నిస్ క్లబ్బులో సింహాచలం అనే అతన్ని మెంబరుగా చేర్చుకోవాలని ప్రతిపాదించింది నేను. అదే సాయంత్రం, అదే చేత్తో, అతను వద్దని రహస్యంగా ఓటు వేసిందీ నేనే.

మాది శ్రీకాకుళం. క్లబ్బు అంటే పెద్ద భవనాన్ని ఊహించుకోకండి. రెండు మట్టి కోర్టులు, ఒక పెంకుల వరండా, వెనక పేకాట గది. దొరల కాలంలో మొదలైంది కాబట్టి, దొరలు పోయినా వాళ్ళ పట్టింపులు కొన్ని మిగిలిపోయాయి. కొత్తగా చేరాలనుకునే మనిషి కొన్నాళ్ళు అతిథిగా వచ్చి ఆడాలి. తర్వాత పాత మెంబరు ఒకరు అతని పేరు ప్రతిపాదించాలి. అప్పుడు అందరూ పేకాట గదిలో చేరతారు. ఒక్కొక్కరి చేతికీ ఒక తెల్ల గోళీ, ఒక నల్ల గోళీ ఇస్తారు. బల్ల మీద కర్ర పెట్టె ఉంటుంది, దానికి చెయ్యి పట్టేంత కంత. మనిషి ఇష్టమైతే తెల్లది, కాకపోతే నల్లది అందులో వదలాలి. మిగిలిన గోళీని పక్కనున్న గుడ్డ సంచిలో వేసెయ్యాలి. ఎవరు ఏది వేశారో దేవుడికి తప్ప తెలియదు. పెట్టెలో ఒక్క నల్లది కనిపించినా ఆ మనిషికి క్లబ్బులో చోటు లేదు. ఎందుకు లేదని అడగడానికీ లేదు.

సింహాచలం సముద్రం ఒడ్డు మనిషి. వాళ్ళ నాన్న పడవ మీద వేటకి వెళ్ళేవాడు. ఇతను విశాఖపట్నంలో చదువుకుంటూ టెన్నిస్ నేర్చుకుని, తిరిగొచ్చి చేపల వ్యాపారం మొదలుపెట్టాడు. ఎడమ చేత్తో ఆడేవాడు. చక్కగా ఆడేవాడు. ఈ మాట అప్పుడు ఎవరితోనూ అనలేదు, ఇప్పుడు అంటున్నాను. మాలో ఎవరికన్నా బాగా ఆడేవాడు.

ఆ రోజుల్లో నాకు మూర్తి అని ఒక స్నేహితుడు ఉండేవాడు. ఇరిగేషన్‌లో ఇంజనీరు. మేమిద్దరం డబుల్స్ జోడీ. నేను కాలేజీలో పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి, బూట్లు వేసుకునేదాకా మనిషినే కాదు. మూర్తి పక్కన నిలబడి ఆడే ఆ గంటా గంటన్నర కోసమే బతికేవాణ్ణి. స్నేహితులు లేని మనిషికి ఒక్కడు దొరికితే ఎలా పట్టుకుంటాడో మీకు తెలిసే ఉంటుంది. ఒక సాయంత్రం నాకు జ్వరంగా ఉండి వరండాలో కూర్చుంటే, మూర్తి సింహాచలాన్ని జోడీ చేసుకుని ఆడాడు. ఆట అయ్యాక తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, నా మొహం కేసి చూడకుండానే, ఇన్నాళ్ళకి ఆట ఆడినట్టుంది మాస్టారూ అన్నాడు. అంతే. అతనికి ఆ మాట గుర్తు కూడా ఉండదు.

ఆ మర్నాడే సింహాచలం మా ఇంటికి వచ్చాడు. క్లబ్బులో తన పేరు ప్రతిపాదిస్తారా అని అడిగాడు. వద్దనడానికి నోరు రాలేదు. మొహమాటం. గుమ్మంలో నిలబడి చేతులు కట్టుకుని అడుగుతున్న మనిషిని కాదనలేక, అయ్యో దానికేం, తప్పకుండా అన్నాను. పైగా లోపలికి పిలిచి టీ ఇప్పించాను. నన్ను నేను తలుచుకుని సిగ్గుపడే క్షణాల్లో ఆ టీ కూడా ఉంది.

గోళీల రోజు అతను పొద్దున్నే అరసవల్లి వెళ్ళి దణ్ణం పెట్టుకొచ్చాడు. పొందూరు ఖద్దరు చొక్కా, కొత్తది, వేసుకుని వరండాలో కూర్చున్నాడు. నేను లోపల లేచి నిలబడి అతని గురించి నాలుగు మంచి మాటలు చెప్పాను. బాగానే చెప్పాను, చెప్పడమే నా వృత్తి కదా. తర్వాత వరసలో వెళ్ళి పెట్టెలో చెయ్యి పెట్టి నల్లది వదిలాను. వణుకు లేదు, తడబాటు లేదు. పెట్టె తెరిస్తే అన్నీ తెల్లవి, మధ్యలో ఒక్కటి నల్లది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేనూ చూశాను. ఎలా చూశానో, ఏ మొహంతో చూశానో?

ఫలితం బయటికెళ్ళి చెప్పాల్సింది ప్రతిపాదించిన మెంబరే. అది ఆచారం. వెళ్ళి చెప్పాను. సింహాచలం లేచి, నా రెండు చేతులూ పట్టుకుని నాకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ నల్ల గోళీ ఎవరిదన్న విషయంలో ఊళ్ళో ఎవరికీ అనుమానం లేదు. నరసన్నపేటలో రైస్ మిల్లున్న నాయుడు గారిదే అన్నారు. సింహాచలం అతిథిగా ఆడే రోజుల్లో, కోర్టు చేపల వాసన వస్తోందని ఒకసారి అందరి ముందూ నవ్వినవాడు ఆయనే. ఆయన నోరు అలాంటిది. సింహాచలం కూడా అలాగే నమ్మాడు. తన పుట్టుక చూసి వద్దన్నారనుకున్నాడు. అతను అలా అనుకోవడం నాకు ఎంత సుఖంగా ఉండేదో చెప్పలేను.

నాయుడు గారు ఒకరోజు నన్ను పక్కకి పిలిచారు. "నాను తెల్లదే ఏసినాను మేస్టారూ. నా నోరు సెడ్డదే గాని సెయ్యి సెడ్డది కాదు. ఎవులూ నమ్మట్లేదు" అన్నారు. నేను తలూపాను. నమ్ముతున్నానని అనలేదు, నమ్మట్లేదని అనలేదు. ఆయన మాట నిజమని ఆ ఊళ్ళో నాకొక్కడికే రూఢిగా తెలుసు. ఆ తర్వాత ఆయన క్లబ్బుకి రావడం తగ్గించేశారు. కొన్నేళ్ళకి పోయారు.

మూర్తి ఏమయ్యాడంటారా? ఆ ఏడాదే బదిలీ మీద వెళ్ళిపోయాడు. ఒక ఉత్తరం రాశాడు, తర్వాత అదీ లేదు. నేను అంత పని చేసి దక్కించుకున్నది ఆ కొద్ది నెలల ఆట.

నాకు నేను వేసుకునే ప్రశ్న ఒకటుంది. నేను వేసింది అసూయతోనేనా? సింహాచలం మా వాళ్ళ ఇంటి కుర్రాడైతే, భూములున్న ఇంటివాడైతే, అప్పుడూ నల్లది వేసేవాణ్ణా? వేసేవాణ్ణనే అనుకుంటాను. కాని ఖాయంగా అనలేను. నాయుడు గారు వాసన మాట అన్నప్పుడు నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇంకొకటి. అతను నాకన్నా రెండేళ్ళే చిన్న, అయినా నేను అతన్ని నువ్వంటాను, అతను నన్ను మీరంటాడు. ఇది ఇప్పుడు రాస్తుంటేనే తట్టింది.

ఇంతవరకే అయితే పాత తప్పు, పోయింది అని ఊరుకునేవాణ్ణేమో. మొన్నటి తుఫానుకి క్లబ్బు కంచె కూలింది, వరండా పెంకులు లేచిపోయాయి. దాని వెనకే స్థలం వాళ్ళ నుంచి కబురొచ్చింది. లీజు అయిపోయింది, కొనుక్కోండి, లేదంటే ఖాళీ చెయ్యండి, షాపులు కడతాం అన్నారు. మిగిలిన మెంబర్లం గుప్పెడు మందిమి చందాలకి బయల్దేరాం. బదిలీ అయిపోయిన ఆఫీసర్లకి ఫోన్లు చేశాం. నరసన్నపేటలో బట్టల కొట్లూ బంగారం కొట్లూ తిరిగాం. వాట్సాప్ గ్రూపు పెడితే దాంట్లో దణ్ణాలు బోలెడు పడ్డాయి, డబ్బులు పడలేదు. కావలసినదాంట్లో సగం కూడా కాలేదు. అప్పుడు సెక్రటరీ అన్నాడు, సింహాచలం గారిని అడిగితే, అని. సింహాచలం ఇప్పుడు రెండు ఐస్ ఫ్యాక్టరీల ఆసామి. అందరూ నా వైపు తిరిగారు. మిగతావాళ్ళకి ఏ మొహం పెట్టుకుని వెళ్తాం అన్న జంకు. మీకేం మాస్టారూ, ఆయన పేరు చెప్పింది మీరే కదా అన్నారు.

వెళ్ళాను. కాదనలేను కదా. ఐస్ ఫ్యాక్టరీలో మోటార్ల చప్పుడుకి మాట వినబడక, నన్ను వెనక గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. నేను సగం చెప్పేసరికే ఆపాడు.

"ఇత్తాను మేస్టారూ. తక్కువ పడ్డదంతా నానే ఇత్తాను. ఆ క్లబ్బోల్ల కోసం కాదు. ఆ రోజు అంతమందిలో మీరొక్కరే నా పేరు సెప్పినారు. ఆ మాట నాను మరిసిపోనేదు."

నేను చందా రసీదు పుస్తకం సంచిలో పెట్టేసుకున్నాను.

"మా గుంట సిన్నప్పుడు టెన్నిస్ నేర్సుకుంతానని ఏడిసీది. ఆడకి మనలాంటోల్లని రానివ్వరమ్మా అని సెప్పీసినాను. మరెప్పుడూ అడగనేదు." నవ్వాడు. "ఒక్క కోరికున్నాది. నా పేరు మల్లీ పెట్టండి. అదే పెట్టి, అవే గోళీలు. ఈపాలి అన్నీ తెల్లవే పడితే సూడాలనున్నాది. ఆ నల్లది ఏసినోడు ఎలాగూ పోయినాడు గదా. పోయినోడి మీద మనకేటి కోపం?"

చెప్పాల్సింది అప్పుడు. గదిలో ఇద్దరమే ఉన్నాం. చెబితే డబ్బు రాదు, క్లబ్బు పోతుంది అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అది అబద్ధం. క్లబ్బు గుర్తొచ్చింది తర్వాత. ముందు గుర్తొచ్చింది అతని మొహమే, అతను నన్ను చూస్తున్న ఆ చూపు పోతుందన్న భయమే. "అవును, పోయారు" అన్నాను. మొదటి పాపం గోళీ, చేత్తో వేసింది. ఇది నోటితో అన్నది. ఇదే పెద్దది.

గోళీలు వేశాం. పెట్టెలో చెయ్యి పెట్టినప్పుడు నాకొక పిచ్చి ఆలోచన వచ్చింది. ఇప్పుడు నల్లది వదిలితే? అప్పుడు నల్లది వేసినవాడు చావలేదని, ఈ గదిలోనే ఉన్నాడని అందరికీ తెలిసిపోతుంది. నోరు తెరవకుండానే నిజం బయటపడుతుంది. కాని వరండాలో ఖద్దరు చొక్కాతో మళ్ళీ కూర్చున్న ఆ మనిషికి ఇంకోసారి ఆ దెబ్బా? తెల్లది వదిలాను. జాలితో వదిలానా, పిరికితనంతోనా? తెలియదు. అన్నీ తెల్లవే. నేనే బయటికెళ్ళి చెప్పాను. అరవై దాటిన మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

క్లబ్బు నిలబడింది. కొత్త కంచె, కొత్త బోర్డు. బోర్డు కింద నిలబడి ఫోటో దిగి అందరూ ఇళ్ళకి పోయారు. ఒకరికి మోకాళ్ళు, ఒకరికి షుగరు. కుర్రాళ్ళకి షటిల్ కావాలి. రోజూ సాయంత్రం వచ్చేది మేమిద్దరమే, నేనూ సింహాచలమూ. నెమ్మదిగా నాలుగు బంతులు కొట్టుకుని వరండాలో కూర్చుంటాం. ఫ్లాస్కులో టీ తెస్తాడు. మధ్యాహ్నం ఏం తిన్నారని అడుగుతాడు. మా ఆవిడ పోయాక నన్ను ఆ మాట అడిగే మనిషి అతనొక్కడే. నిజం చెబితే నాకు సాయంత్రాలు ఉండవు. ఒకప్పుడు స్నేహితుడు పోతాడని గోళీ వేశాను, ఇప్పుడు స్నేహితుడు పోతాడని దాన్ని దాస్తున్నాను. నాలో మారిందేమీ లేదు.

పోయిన నెల వాళ్ళమ్మాయి విజయనగరం నుంచి వచ్చింది. పెద్దదైపోయింది, కళ్ళజోడు, జుట్టులో తెల్ల వెంట్రుకలు. తండ్రి ఉత్సాహంగా రాకెట్ చేతికిచ్చాడు. రెండు బంతులు కొట్టబోయింది, తగల్లేదు. "ఇప్పుడేటి నాన్నా" అని నవ్వి, రాకెట్‌ని కుర్చీలో పెట్టేసింది. నాకు వంగి దణ్ణం పెట్టింది. మీ గురించి నాన్న ఎప్పుడూ చెబుతుంటాడండీ అంది. నేను ఆ కుర్చీలో ఉన్న రాకెట్‌నే చూస్తూ ఉండిపోయాను.

నిన్న చెప్పబోయాను. సింహాచలం, ఆ నాయుడు గారు, అని మొదలుపెట్టాను. "పోనీండి మేస్టారూ, సచ్చిపోయినోడి మాటెందుకు" అని బంతి నా చేతిలో పెట్టాడు. నేను సర్వీసు చేశాను.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. అది మీ చేతిలో లేదు కూడా. ఒక్క వాక్యం మాత్రం ఎక్కడో ఒక చోట ఉండాలి, నేను పోయాక కాదు, ఉండగానే. నాయుడు గారు తెల్లదే వేశారు. నల్లది వేసింది నేను.

రాసి పైకి చదువుకున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. నా గొంతుతో ఆ మాట వినడం ఇదే మొదలు. చాలా రోజుల తర్వాత ఊపిరి కడుపు దాకా దిగింది. ఇంతలో ఫోను మోగింది. వత్తన్నారా మేస్టారూ, టీ సల్లారిపోతన్నాది అన్నాడు. వస్తున్నానన్నాను. బూట్లు వేసుకోవాలి.