దేవదానం మామ కూర్చునే చోటు

2022. మార్కాపురంలో ఒక పలకరాయి ఫ్యాక్టరీలో నేను సూపర్‌వైజర్‌గా చేరి అప్పటికి పదకొండేళ్లు. ఇళ్ల గోడలకు అతికించే పలుచటి రాతిపలకలు మా సరుకు. క్వారీ నుంచి వచ్చిన దిమ్మను ఉలితో పొరలుగా విడదీయడాన్ని స్ప్లిటింగ్ అంటారు. మా షెడ్డులో ఆ పనికి దేవదానం మామను మించినవాడు లేడు. కొనకనమిట్ల దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆయన నాకు మామ, నేను ఆయనకు అల్లుణ్ణి.

ఆ వేసవిలో కొత్త కటింగ్ మిషన్ వచ్చింది. పెద్దాయన ఉక్కకు అల్లాడిపోతున్నాడని, దూరంగా మూలన కూర్చునే ఆయన్ని మిషన్ పక్కకు, ఫ్యాను కిందకు మార్చాను. గొప్ప ఉపకారం చేశానని మురిసిపోయాను కూడా. అంతకు ముందే ఒంగోలులో ఒకరోజు శిక్షణకు వెళ్లి ఎమోషనల్ ఇంటెలిజెన్స్ గురించి, అంటే మన కోపాన్ని అదుపులో పెట్టుకుని ఎదుటివారి మనసెరిగి మసలడం గురించి విని వచ్చినవాణ్ణి. ఇక నాకు తెలియనిది లేదనుకున్నాను.

రెండు వారాలు తిరిగేసరికి మామ పలకలు సగానికి సగం రిజెక్షన్‌లోకి పోసాగాయి. మందంలో తేడా వచ్చో, అంచు విరిగో పక్కన పడేసే సరుకు అది. ఒకరోజు నాకు ఒళ్లు మండి అందరి ముందూ అరిచాను.

"ఏంది మామా ఇది? చేతగాకుంటే ఇంటికాడ కూచోరాదా!"

ఆయన తలెత్తలేదు. "అట్లనే సార్" అన్నాడు.

పదకొండేళ్లలో నన్ను సార్ అనడం అదే మొదలు. దారిలోకి వచ్చాడని సంతోషించాను. అంత తెలివి నాది! ఆ తర్వాత ఆయన అందరితో కలిసి అన్నం తినడం మానేశాడు. చెప్పకుండా రెండు రోజులు రాలేదు. ఓనర్ నన్ను పిలిచి, శనివారంతో ఆయన్ని మాన్పించమన్నారు.

ఆ మాట చెప్పడానికే వెళ్లాను. చేతిలో పని అయ్యాక చెబుదామని పక్కన కూర్చున్నాను. మామ దిమ్మను నిలబెట్టి, సుత్తితో మెల్లగా తట్టి చెవి దగ్గర పెట్టాడు. తట్టిన చప్పుడును బట్టే పొర ఎక్కడుందో, లోపల బీట ఉందో ఆయన పసిగట్టేవాడు. అప్పుడే మిషన్ మొదలైంది. ఆయన కళ్లు మూసుకుని మళ్లీ తట్టాడు, ఇంకా వంగాడు. చివరికి అందాజుగా ఉలి దించాడు. పలక అడ్డంగా విరిగింది.

పరిగెత్తి మిషన్ ఆపించాను.

"రాయి చప్పుడు వినపడట్లేదా మామా?"

"ఆ రొదలో యాడ వినపడుతాది సార్?"

"ఒక్క మాట చెప్పుంటే..."

"ఏమని చెప్పేది? ముసిలోడు పనికిరాడని పక్కకు నెట్టినావనుకుంటి. చోటు మార్చమంటే చెవుడు గూడా వచ్చిందంటావు. కూలి యాడైనా దొరుకుతాది. రాయి నా మాట వింటాదనే ఇన్నేళ్లు ఈడ ఉండా."

ఆ మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓనర్ దగ్గరకు వెళ్లి తప్పు నాదేనని చెప్పి, వారం గడువు తీసుకున్నాను. మామను పాత మూలకు పంపాను. నాలుగు రోజుల్లో పలకలు మునుపటిలా వచ్చాయి, ఆయన్ని మాన్పించే మాట ఇక రాలేదు. పిలుపు మాత్రం సార్ దగ్గరే ఆగిపోయింది. చాటుగా రెండుసార్లు క్షమించమన్నా లాభం లేకపోయింది. పదిమందిలో తిట్టినవాడు పదిమందిలోనే తప్పు ఒప్పుకోవాలని అప్పుడు తెలిసివచ్చింది.

టీ వేళ అందరి ముందూ నిలబడి అన్నాను. "తప్పు నాది. మామను అడక్కుండా చోటు మార్చినా. అనరాని మాట అన్నా."

మామ టీ ఊదుకుంటూ తాపీగా అడిగాడు. "సరేలే అల్లుడా. మిషన్ పక్కన నేను లేచిన కాడ ఇప్పుడు మరియమ్మను కూచోబెట్టినావు గదా. ఆయమ్మను అడిగినావా?"

మరియమ్మది గ్రేడింగ్ పని, రంగుల వారీగా పలకలను వేరు చేస్తుంది. అడగలేదు. ఎదుటివారికి ఏది మంచిదో ఊహించి చేయడం కంటే అడిగి చేయడం మేలని అందరికీ చెప్పబోతున్న వాణ్ణి, నేనే అడగలేదు. గ్లాసు కింద పెట్టి ఆమె దగ్గరకు వెళ్లాను.

"నీకు యాడైతే బాగుంటాది అక్కా?"

"తలుపు కాడ కూచోబెట్టు తమ్ముడా, వెలుతురుకు రంగు తేటగా కనపడుతాది" అంది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుంటూ అంది. "ఈడ చేరి పదేళ్లాయె. ఈ మాట అడిగినోళ్లు లేరు."