బాండు అడిగిన సాఫ్ట్‌వేర్

ధర లేనప్పుడు మిర్చి బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టడం, ధర వచ్చాక తీయడం మా బావకి ఊహ తెలిసినప్పటి నుంచీ అలవాటు. ఓ ఏడు మిర్చి బాగా పలికితే ఆ డబ్బంతా పెట్టి క్రిప్టో కరెన్సీ కొన్నాడు. దాన్ని పెన్ డ్రైవ్ లాంటి ఓ పరికరంలో దాచి, ఇది కూడా కోల్డ్ స్టోరేజీయేనని, నెట్టుకి తగలదు కాబట్టి ఎవడూ ముట్టుకోలేడని నాకు చూపించి మురిసిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. అప్పటికే మా అక్క నాలుగడుగులేస్తే ఆయాసపడుతోంది. ఈయనేమో ధర కోసం కాచుక్కూర్చున్నాడు.

చివరికి గుంటూరు డాక్టరు గుండెలో వాల్వు మార్చాల్సిందేనని, ఆలస్యం చేస్తే మనిషి దక్కదని చెప్పాడు. ఇంటికి రాగానే ఆపరేషన్ ఖర్చుకి ఆ సొమ్ము తీద్దామని బావ ల్యాప్‌టాప్ తెరిచి ఆ పరికరం తగిలించాడు. బ్రౌజరు దాన్ని గుర్తుపట్టనే లేదు. రెండింటినీ కలపడానికి మధ్యలో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఉండాలట. బ్రౌజరు కొత్తదయ్యేసరికి పాత సాఫ్ట్‌వేర్ పనిచేయడం మానేసిందట. ఏం తెలివితేటలో! వెతికితే మొట్టమొదట ఏది కనబడిందో అదే దించుకున్నాడు బావ. పాతదానికున్న బొమ్మే, అవే రంగులు. సొమ్ము తీయాలంటే రహస్య పదాలు కొట్టమంది.

పరికరంలో సొమ్ము పెట్టిన రోజున అది ఇచ్చిన ఆ పదాలు రాసిన కాగితం బీరువాలో ఉంది. అవి తెలిసినవాడు సొమ్మంతా లాగేసుకోగలడని, ఎవరికీ చెప్పకూడదని బావే నాకు చెప్పాడు. ఆ మాటే గుర్తుచేశాను.

"బాండు చూపించకుండా స్టోరేజీ వాడు సరుకిస్తాడా అమ్మాయ్?" అన్నాడు.

నిజమే. సరుకు పెట్టిన రోజున వాళ్ళిచ్చిన బాండు కాగితం చేతిలో లేకపోతే మా బస్తా మాకే ఇవ్వరు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చూస్తున్నది అదే. బావ ఒక్కో పదం సరిచూసుకుంటూ కొట్టాడు. అక్క ఇచ్చిన మజ్జిగ తాగేలోపు అంతా ఊడ్చిపెట్టుకుపోయింది.

అద్దంకిలో కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని అడిగితే, పరికరం గట్టిదేనండీ, మీరు దించుకున్న సాఫ్ట్‌వేరే దొంగది అన్నాడు. అసలుదైతే ఆ పదాలు కంప్యూటర్లో కొట్టమని అడగదట. అంత గట్టి పెట్టె చేసినవాళ్ళు తాళం మాత్రం ఎవడు పడితే వాడు తయారుచేసేలా నడిబజార్లో వదిలేస్తారా అని మండిపడ్డాను. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు? పోలీసులకి ఫిర్యాదు రాసిచ్చాం. తీసుకున్నారు, అంతే.

ఇంటికొచ్చి బావని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ రోజు నుంచీ ఆయన అన్నం మానేశాడు. పొద్దస్తమానం చేలోనే కూర్చునేవాడు.

ఓ సాయంత్రం అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. గోడ పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుంది.

"ఆయన్ని ఇంకేమీ అనకే. పాకలో పురుగుమందు డబ్బాలున్నాయి. అన్నీ ఇప్పుడే మీ ఇంటికి పట్టుకుపో" అంది.

మరి నీ సంగతేంటక్కా అన్నాను.

"నాది తర్వాత చూద్దాంలే. ముందు ఆ డబ్బాలు తియ్యి."

బావ చేలోంచి వచ్చేలోపు డబ్బాలన్నీ గోనెసంచిలో వేసి స్కూటీ మీద మా ఇంటికి తెచ్చేశాను. అక్క ఆ వానాకాలం దాటలేదు. బావ ఉన్నాడు.