జాకెట్ ముక్క కాలరుతో గోల్ఫ్ యాత్ర

మా అన్నయ్య సుబ్బారావు చీరాలలో గుంట మగ్గం మీద నలభై అయిదేళ్ళుగా నేస్తున్నాడు. మగ్గం కింద తొడలోతు గుంట ఉంటుంది. అందులోకి కాళ్ళు దించి కూర్చుని, రోజంతా పలకలు తొక్కాలి. ఆ తొక్కుడుతోనే నన్ను చదివించాడు. నేను గుంటూరు బ్రాడీపేటలో లెక్కల మాస్టారునై ఫ్యాను కింద కూర్చుంటున్నానంటే ఆ గుంట చలవే.

2003లో అన్నయ్య జ్వరంతో మంచం పట్టి, నెల్లాళ్ళు కేబుల్ టీవీ చూశాడు. అందులో గోల్ఫ్ ఆట తెగ నచ్చేసింది.

"ఒరేయ్ చిన్నోడా, చూశావా? అంత పచ్చిక మీద అంతదూరం నడిచి, చివరికి వెతుక్కునేది ఇంత గుంటనే! నేనూ ఒక్కసారి అక్కడ నుంచుని కొట్టాలిరా" అన్నాడు.

అన్నయ్య నన్ను జన్మలో అడిగిన మొదటి కోరిక అది. షష్టిపూర్తికి ఉంగరం చేయిద్దామని ఇంట్లోవాళ్ళు అంటుంటే, నేను గోల్ఫ్ అన్నాను. నాకు పిచ్చెక్కిందేమోనని మా ఆవిడ నుదురు పట్టుకు చూసింది.

విశాఖలో ఒక గోల్ఫ్ మైదానంలో గడ్డి పనులు చూసే కరీముల్లా నా పాత శిష్యుడు, వేటపాలెం వాడు. ఫోన్ చేశాను.

"సోమవారం పొద్దున జనం ఉండరండి, మాస్టారూ. ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా మా సెక్రటరీ గారి నడిగి ఇప్పిస్తా. ఆ తర్వాత మెంబర్లు వచ్చేస్తారు, నా చేతుల్లో ఉండదండి" అన్నాడు. వివరాలన్నీ ఉత్తరం కూడా రాసి పంపాడు.

ఇక నాకు పూనకమే. రైలు వేళలు, ఎవరి పక్కన ఎవరు, ఎవరి మాత్రలు ఎవరి సంచిలో, అన్నీ రాసి ఫైలు కట్టాను. అన్నయ్య మా మగాళ్ళ నలుగురికీ తన మగ్గం మీదే తెల్లగుడ్డ నేసి, లాల్చీలు కుట్టించాడు.

ఆదివారం ఉదయం 6.40 బండికి చీరాలలో ఎక్కాం. అన్నయ్యా వదినా, ఇద్దరు కొడుకులూ కోడళ్ళూ, మా అక్కయ్య, నేనూ మా ఆవిడా, మొత్తం తొమ్మిదిమందిమి. విజయవాడ దాటాక పులిహోర పొట్లాలు విప్పాం. ఏలూరులో ఎక్కిన పెద్దాయన మా యాత్ర సంగతి విని, "గోల్ఫా? అది దొరల ఆట కదండీ!" అన్నాడు.

"దొరలు కట్టుకునే గుడ్డ మేం నేసిందేనండి" అన్నాడు అన్నయ్య. పెద్దాయన నవ్వి, రాజమండ్రిలో మా అందరికీ అరటిపళ్ళు కొనిపెట్టాడు. ఆయన పేరు అడగలేదని ఇప్పటికీ నొచ్చుకుంటాను.

మూడున్నరకు విశాఖలో దిగి, స్టేషన్ దగ్గరి సత్రంలో రెండు గదులు తీసుకున్నాం. మర్నాడు ఆరున్నరకు మూడు ఆటోల్లో బయల్దేరి, ఏడుకు పది నిమిషాల ముందే మైదానం గేటు దగ్గరున్నాం. అక్కడ కాపలా అతను మా లాల్చీలు చూసి చేతులు కట్టుకున్నాడు.

"కాలరు లేకుండా లోపలికి పంపకూడదండి. ఏమనుకోకండి, రూలు."

మాకోసం గేటు దగ్గరికొచ్చిన కరీముల్లా తెల్లబోయాడు. "ఉత్తరంలో రాశాను కదండీ, మాస్టారూ. వెనకవైపు."

ఫైలు తీసి చూస్తే నిజమే. ప్రశ్నపత్రం వెనక్కి తిప్పి చూడండ్రా అని ఇరవై ఏళ్ళుగా పిల్లల మీద అరిచే నేను, ఆ కాగితం తిప్పలేదు. చుట్టుపక్కల ఒక్క బట్టల కొట్టూ తెరవలేదు. అన్నయ్య గేటు ఊచల్లోంచి పచ్చిక వైపు చూస్తూ నుంచున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడు వదిన తన సంచి బోర్లించింది. సింహాచలంలో ముత్తయిదువలకు పంచడానికి తెచ్చిన జాకెట్ ముక్కలు, అన్నీ ఎర్రవే, బయటపడ్డాయి. నేతగాళ్ళ ఇంటి ఆడది సూదీ దారం లేకుండా గడప దాటదు. కత్తెరే లేదు. కరీముల్లా పరుగెత్తి గడ్డి కత్తెర పట్టుకొచ్చాడు. కాపలా అతను తన బెంచీ ఖాళీ చేసి ఇచ్చాడు. వదిన ఒకటి, మా ఆవిడ ఒకటి మొదలుపెట్టారు. ఏడూ ముప్పావుకు రెండు కాలర్లు అయ్యాయి.

"అందరివీ కానీండి, కలిసే వెళదాం" అన్నాడు అన్నయ్య.

వదినకు ఒళ్ళు మండింది. "అందరికోసం ఆగితే ఎనిమిదిన్నర అవుద్ది. కోరిక మీదా, వాళ్ళదా? నడవండి!"

అన్నయ్యా నేనూ ఎర్ర కాలర్లతో లోపలికి వెళ్ళాం. మిగతావాళ్ళు కంచె పట్టుకుని నుంచున్నారు. కరీముల్లా ఇచ్చిన కర్రతో అన్నయ్య కొట్టిన మొదటి మూడు దెబ్బలకూ మట్టే లేచింది. "మగ్గంలో దారపు నాడె విసిరినట్టు విసరకండి, పెదనాన్నగారూ, నిదానంగా" అన్నాడు కరీముల్లా. నాలుగోది నిజంగానే లేచి, ముందున్న వేపచెట్టు దాటింది. కంచె దగ్గర కొడుకులు ఈలలు వేశారు.

చివరికి గుంట దగ్గర బంతిని మెల్లగా నెట్టాడు. అది అంచు చుట్టూ తిరిగి లోపల పడింది. అన్నయ్య మోకాళ్ళ మీద కూర్చుని గుంటలో చెయ్యి పెట్టి చూశాడు.

"ఒరేయ్, జానెడు లేదురా! మన గుంటకి మునిమనవడు!"

తర్వాత చెప్పులు విప్పొచ్చా అని అడిగాడు. కరీముల్లా అటూ ఇటూ చూసి, "కానీండి" అన్నాడు. ఎనిమిదిన్నర దాకా ఆ పచ్చిక మీద వట్టి కాళ్ళతో నిలబడ్డాడు. నాకు కళ్ళు నిండాయి. కరీముల్లాకీ, ఆ కాపలా అతనికీ మా ఇంటిల్లిపాదీ రుణపడ్డాం. మీరెవరైనా వెళితే కాలరు చొక్కా వేసుకోండి, ఉత్తరం రెండువైపులా చదవండి.

మంగళవారం ఉదయం బండికి తిరిగి బయల్దేరాం. అన్నయ్య మళ్ళీ ఆ లాల్చీయే వేసుకున్నాడు. తుని దాటాక వదిన సూది తీసి, "ఇటు తిరగండి, ఆ కాలరు విప్పేస్తా" అంది.

అన్నయ్య మెడమీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఉండనీవే." తర్వాత నా వైపు తిరిగి, "రేపు మళ్ళీ గుంటలో దిగాలి గదరా. పోన్లే, కాళ్ళకి పచ్చిక గుర్తుంటది" అన్నాడు.

పెట్టెలో అందరూ చూస్తుండగానే వంగి, ఆ కాళ్ళకు దణ్ణం పెట్టాను. వదిన సూది సంచిలో పెట్టేసింది.