బంతిపూల దండ, పడవ ఇంజను

ఇవాళ బాసరలో మా ఆయన అస్థికలు గోదావరిలో కలిపి వచ్చాం, ఆయన నడిపిన మోటారు పడవలోనే. ఆడదానివి, నువ్వెందుకని బంధువులు సణిగారు. పడవ మాది, పోయినవాడు నావాడు. మనవలున్న ముసలిదాన్ని, ఎవరడ్డమొస్తారని ఎక్కాను.

ఆ ఇంజను నది నీటితోనే చల్లబడుతుంది. పడవ వెనక నీళ్లలో మునిగి ఉండే జాలీలోంచి పీల్చుకున్న నీరు ఇంజను చుట్టూ తిరిగి, పక్క గొట్టంలోంచి ధారగా పడుతుంది. ధార ఆగితే ఇంజను కాలిపోతుంది. అందుకే దాన్ని చూసుకుంటూ నడపాలి.

నడి ఏటిలో అస్థికలు కలిపి, గంపెడు బంతిపూలు, దండలు పడవ చుట్టూ వేశాం. తిరిగి బయలుదేరాక, ఇంజను దగ్గర కూర్చున్న మా మరిది కళ్లు తుడుచుకుంటున్నాడు. నేను గొట్టం వైపు చూశాను. ధార లేదు.

"రాజం, ఇంజను ఆపు! నీళ్లు వస్తలేవు. ఒడ్డుకు పోయినంక ఏడుద్దువు."

ఆపి, నీళ్లలో చెయ్యి పెట్టి, జాలీకి చుట్టుకున్న దండ లాగాడు. దాన్ని పట్టుకుని నా వైపు తిరిగాడు.

"వదినె, గిది అన్నకేసిన దండ. మల్ల గంగల్నే ఎయ్యాల్నా?"

"ఎయ్యి. జర దూరంగ ఎయ్యి. మల్ల చుట్టుకుంటే అందరం ఈదుకుంట పోవాలె."

ఇంజను మళ్లీ నడిచింది, ధార పడింది. పడవ పక్కన పూలు వేసే యాత్రికులను మా ఆయన తిడితే అవతలి ఒడ్డుకు వినబడేది. ఇవాళ ఇంత పని చేసినా మమ్మల్ని ఎవరూ తిట్టలేదు. నాకు అప్పుడొచ్చింది ఏడుపు.

మీ ఇంట్లో అలాంటి నోరు ఒకటి ఉంటే, ఇవాళ దేనికి తిట్టిందో నాకు రాసి చెప్పండి.